తిండి సాయం ఎక్కడ దొరుకుతుందో రేషన్ షాపు గోడ మీదే రాయండి: తెలంగాణ పౌర సరఫరాల శాఖకు బహిరంగ లేఖ

పౌర సరఫరాల శాఖ కమిషనర్ గారికి, హైదరాబాద్ జిల్లా అధికారులకు, సర్కిల్ ఆఫీసుల్లో పనిచేస్తున్న సిబ్బందికి నమస్కారం.

మేం కొంతమందిమి సాయంత్రాలు హైదరాబాద్ బస్తీల్లో కూర్చుని జనాలకు ఫారాలు నింపిపెడుతుంటాం. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, లేబర్ అడ్డాల మీద నిలబడే కూలీలు, అపార్ట్‌మెంట్ల కింద ఒక్క గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాలు, పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. ఆధార్‌లో అడ్రస్ మార్చాలనో, కొడుకు స్కాలర్‌షిప్ అనో ఏదో వేరే పని మీద వస్తారు. ఆ పని అయిపోయాక లేవబోతూ, గొంతు కాస్త తగ్గించి అడుగుతారు: "మాకు బియ్యం ఏమన్న వస్తదా అన్నా?" నిజానికి ఈ ప్రశ్న మీ ఆఫీసుకు రావాలి. అక్కడ ఎవర్ని అడగాలో తెలియక, అడిగితే ఏమంటారోనన్న భయంతో మా దగ్గర అడుగుతున్నారు. అందుకే వాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి, మీరు ఏమీ చేయట్లేదని అనడం మా ఉద్దేశం కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు ఇవ్వాలంటుంటే తెలంగాణ 6 కిలోల బియ్యం ఇస్తోంది. 2025 ఉగాది రోజు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టినప్పటి నుంచి దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చాయి, అవీ ఉచితంగా. నలుగురున్న ఇంటికి 24 కిలోలు అంటే, బయట సన్న బియ్యం కిలో యాభై పైనే పలికే రోజుల్లో, నెలకు పన్నెండు వందల రూపాయలు ఆ ఇంట్లో మిగిలినట్టే. అది ఒక గదికి కరెంటు బిల్లు, పిల్లాడి ట్యూషన్ ఫీజు, ముసలామె బీపీ మాత్రలు. దొడ్డు బియ్యం తెచ్చుకుని కిలో ఇంతకని అమ్ముకునే ఇళ్లు కూడా ఇప్పుడు తెచ్చుకున్న బియ్యమే వండుకుని తింటున్నాయి, మేం కళ్లారా చూస్తున్నాం. ఇంత పెద్ద పని చేయగలిగిన శాఖ, ఇది ఎవరికి వస్తుంది, రాకపోతే ఏం చేయాలి అనే రెండు ముక్కలు జనాలకు చేర్చడంలో ఇంత వెనకబడి ఉందే అన్నదే మా బాధ.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పెళ్లయిన ఆడపిల్లల గొడవే. అత్తింటి కార్డులో ఎక్కాలంటే ముందు పుట్టింటి కార్డులో పేరు తీయించుకోవాలి. ఆ తీసేసే పని చకచకా అయిపోతుంది. చేర్చే దరఖాస్తు మాత్రం మీసేవలో పెట్టిన రోజు నుంచి 'పెండింగ్' అనే చూపిస్తుంది, ఎందుకు పెండింగో, ఎవరి టేబుల్ మీద ఉందో ఎవరూ చెప్పరు. మధ్యలో కొన్నేళ్లు కొత్త కార్డులు, కొత్త పేర్లు దాదాపు ఆగిపోయిన సంగతి మీకు మా కంటే బాగా తెలుసు. ఆ కొన్నేళ్లలో ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి బడికి కూడా పోతున్నారు. కార్డులో ఆమె లేదు, పిల్లలు లేరు, మొగుడి పేరు, అత్తమామల పేర్లు మాత్రం ఉన్నాయి, ఆరుగురు తినే ఇంటికి ముగ్గురి బియ్యం వస్తున్నాయి. 2025 జనవరిలోనూ, మళ్లీ జులైలో కొత్త కార్డులు పంచిన తిరుమలగిరి సభ తర్వాతా చాలామందికి కార్డులు వచ్చాయి, కొత్త పేర్లు ఎక్కాయి, సంతోషం. కానీ రానివాళ్లకు ఎందుకు రాలేదో రాతపూర్వకంగా ఒక్క ముక్క అందలేదు. ఆదాయం ఎక్కువ అనుకున్నారా? పట్నాల్లో ఏడాదికి 2 లక్షల పరిమితి అని మీరే పెట్టారు, ఇళ్లలో పాచిపని చేసే ఆమె ఆ పరిమితి ఎట్లా దాటుతుంది? లేదా మీ మనిషి వచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి ఉందా? ఆ తాళం వేసి ఆమె పనికి పోయి ఉంటుంది కదా సార్, పగటిపూట ఇంట్లో ఉండగలిగితే ఆమెకు మీ బియ్యంతో ఇంత అవసరం ఉండేది కాదు.

ఇందులో మేం అడిగేది కష్టమైన పని కూడా కాదు. ఒక కార్డులో పేరు తీయడం, ఇంకో కార్డులో చేర్చడం ఒకే దరఖాస్తుగా, ఒకే రోజు జరగాలి. అక్కడ చేరేదాకా ఇక్కడ పేరు ఉండాలి. బ్యాంకు ఖాతా ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి మార్చుకుంటే మధ్యలో డబ్బు మాయం కావడం లేదు కదా, మనిషి తినే బియ్యం మాత్రం ఎందుకు మాయం కావాలి?

ఇక రద్దయిన కార్డుల సంగతి. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో లక్షల కార్డులు రద్దయ్యాయి, చాలా కేసుల్లో ఇంటికి మనిషి వచ్చి చూడకుండా, నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్‌లో లెక్కలు సరిపోల్చి తీసేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 19 లక్షలకు పైగా కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. ఇదే హైదరాబాద్‌లో ఇంకెవరిదో కారును కంప్యూటర్ ముడిపెట్టి, రిక్షా తొక్కి బతికి చనిపోయిన మనిషి పేరు మీద కారు ఉందని ఆయన భార్యకు బియ్యం రాకుండా పోయిన ఉదంతం పత్రికల్లో కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తుంది, దాన్ని మేం అర్థం చేసుకోగలం, కానీ ఆ తప్పు జరిగిందని ఆ ఇంటికి తెలిసేది నెల మొదట్లో సంచి పట్టుకుని లైన్లో నిలబడి మిషన్ దగ్గరికి వచ్చాక. డీలర్ "మీ కార్డు చూపిస్తలేదమ్మా" అంటాడు. అంతే, ఇంకేం తెలియదు ఆయనకు. ఆమె అక్కడి నుంచి మీసేవకు, మీసేవ నుంచి సర్కిల్ ఆఫీసుకు, అక్కడి నుంచి తహసీల్దార్ దగ్గరికి తిరుగుతుంది, తిరిగిన ప్రతి రోజూ కూలి పోతుంది. పేరు తీసేసే ముందే ఆ ఇంటికి కాగితం రావాలి, తెలుగులో, ఉర్దూలో, పాతబస్తీలో హిందీ చదివేవాళ్లుంటే హిందీలో. ఎందుకు తీస్తున్నారు, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి, ఎన్ని రోజుల్లోపు అని ఆ కాగితంలో ఉండాలి. అభ్యంతరం తేలేదాకా బియ్యం ఆగకూడదు.

వేలిముద్ర గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. సిమెంటు పని చేసినవాళ్లకు, ఏళ్ల తరబడి గిన్నెలు తోమినవాళ్లకు, డెబ్బై దాటినవాళ్లకు ముద్ర పడదు. ఒక షాపులో ఒక పెద్దాయన పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టి, తడి చేసుకుని, చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెడుతుంటే వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే ఆయన సిగ్గుతో పక్కకు జరిగిపోవడం చూశాం. ఆ షాపు డీలర్‌కు ఐరిస్‌తో, అంటే కంటిపాపను మిషన్‌కు చూపించి ఇవ్వొచ్చని తెలుసో లేదో గానీ ఆయనతో ఆ మాట చెప్పలేదు. 2017 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ల పాప చనిపోయింది, ఆధార్ లింకు కాలేదని కార్డు రద్దయి నెలల తరబడి రేషన్ రాలేదని, అన్నం లేకే పోయిందని ఆ తల్లి చెప్పింది. ఆ తర్వాత అదే ఏడాది అక్టోబరు 24న కేంద్రం అన్ని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది: ఆధార్ లేదని ఎవరి పేరూ తీసేయొద్దు, ముద్ర పడలేదని బియ్యం ఆపొద్దు, కార్డు చూసి రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలి. ఇన్నేళ్లయింది. మీ డీలర్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మీరే ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. లైన్లో నిలబడ్డ పెద్దాయనకైతే తెలియదు, తెలిసి ఉంటే పక్కకు జరిగేవాడు కాదు. ఇప్పుడు ఈకేవైసీ, అంటే కార్డులో ఉన్నది తామేనని మిషన్ మీద రుజువు చేసుకోవడం కూడా అందరూ చేయించుకోవాలి అంటున్నారు, మంచం మీద నుంచి లేవలేనివాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్ల ఇంటికి మిషన్ తీసుకుపోవాల్సింది ఎవరు? పక్క రాష్ట్రంలో 2025 జూన్ నుంచి 65 దాటినవాళ్లకు, దివ్యాంగులకు బియ్యం ఇంటికే తెచ్చిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కుదిరింది హైదరాబాద్‌లో కుదరదని మేం అనుకోవట్లేదు.

ఆంధ్రప్రదేశ్ మాట వచ్చింది కాబట్టి వలస కూలీల గురించి కూడా. ఇక్కడ కట్టే ఏ పెద్ద బిల్డింగ్ దగ్గరికి పోయినా శ్రీకాకుళం, విజయనగరం, పాలమూరు, ఒడిశా వాళ్లు కనిపిస్తారు. వాళ్ల కార్డు ఊళ్లో ఉంటుంది, వాళ్లు ఇక్కడ ఉంటారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అనే పద్ధతిని దేశంలో మొదట మొదలుపెట్టిన రెండు జంటల్లో ఒకటి ఆంధ్ర, తెలంగాణలే, 2019 ఆగస్టులో. ఇంకోటి గుజరాత్, మహారాష్ట్ర. అంటే శ్రీకాకుళం కార్డు మీద మియాపూర్‌లో చట్టం ఇచ్చిన 5 కిలోలు తీసుకునే హక్కు అప్పటి నుంచీ ఉంది. ఊళ్లో ఉన్న తల్లి తన వాటా అక్కడ తీసుకుంటే కొడుకు తన వాటా ఇక్కడ తీసుకోవచ్చు కూడా. ఈ మాట సైటు దగ్గర చెబితే నమ్మరు, "మా కార్డు ఆంధ్రాది అన్నా, ఇక్కడ చెల్లదు" అంటారు. ధైర్యం చేసి షాపుకు పోయినవాళ్లకేమో "మా కోటా మా కార్డులకే సరిపోదు" అనే జవాబు. డీలర్‌ను తిట్టి లాభం లేదు, బయటి కార్డులు ఎన్ని వస్తాయో అంచనా వేసి ముందే ఎక్కువ బియ్యం పంపితే ఆయన ఎందుకు పొమ్మంటాడు? పెద్ద పెద్ద నిర్మాణాలు ఎక్కడ జరుగుతున్నాయో ప్రభుత్వం దగ్గర అనుమతుల ఫైళ్లు ఉన్నాయి, ఆ చుట్టుపక్కల షాపులకు కోటా పెంచండి. వలస కార్డుల కోసం 14445 అనే నంబరు ఒకటి ఉంది, మిగతా రేషన్ ఫిర్యాదులకు 1967 ఉంది. ఈ రెండు నంబర్లు మేం చెప్పేదాకా తెలిసినవాళ్లు మాకు పెద్దగా తగల్లేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, అది పూర్తిగా మీ శాఖది కాదు, అయినా మీకే చెబుతున్నాం, ఎందుకంటే తిండి కోసం జనం మొదట వచ్చేది రేషన్ షాపుకే. కార్డు లేని మనిషికి కూడా ఈ ఊళ్లో తిండి సాయం ఉంది. జీహెచ్‌ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు, 2025లో 5 రూపాయలకే టిఫిన్ కూడా పెట్టడం మొదలైంది. అక్కడ కార్డు అడగరు, ఆధార్ అడగరు, కులం అడగరు, మా దృష్టిలో ఈ నగరం చేస్తున్న మంచి పనుల్లో ముందు చెప్పుకోవాల్సింది అదే. గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట వేడి అన్నం, గుడ్డు, పాలు ఉన్నాయి, మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి ఉంది. వలస వచ్చిన ఆమెకు కూడా ఇవ్వాల్సిందే, అంగన్‌వాడీ సేవలు పిల్లలందరికీ, గర్భిణులందరికీ అందాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. కానీ సైటు దగ్గర రేకుల షెడ్డులో ఏడో నెలతో ఉన్న అమ్మాయికి అంగన్‌వాడీ ఏ సందులో ఉందో తెలియదు. 2025 జులై నుంచి ఇంటికి ఇచ్చే సరుకుకు ముఖం ఫోటో సరిపోలాలి అనే కొత్త నిబంధన కూడా వచ్చింది, ఫోన్‌లో సిగ్నల్ లేక, ఓటీపీ వెళ్లే నంబరు మొగుడి దగ్గర ఉండి, ఉత్త చేతులతో వెనక్కి పోయినవాళ్లు ఉన్నారు. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంది, ఎండాకాలం సెలవుల్లో అది ఆగిపోతుంది, ఆ నెలన్నర ఆ పూట కూడా ఇంటి మీదే పడుతుంది. ఇవన్నీ వేర్వేరు శాఖలవి, వేర్వేరు పేర్లతో, ప్రభుత్వం మారినప్పుడల్లా మారే పేర్లతో ఉంటాయి. ఆకలితో ఉన్న మనిషి ఏ శాఖ తలుపు కొట్టాలో తెలుసుకుని కొట్టాలంటే అయ్యే పనేనా?

మేం అడుగుతున్నది ఒక బోర్డు. నవ్వుకోకండి, చాలా ఆలోచించే అడుగుతున్నాం. ప్రతి రేషన్ షాపు గోడ మీద, నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, చదువు రానివాళ్ల కోసం బొమ్మలతో. మనిషికి ఎన్ని కిలోలు, మరీ పేద ఇళ్లకిచ్చే అంత్యోదయ కార్డుకు 35 కిలోలు, షాపు ఏ తేదీల్లో ఏ వేళల్లో తెరుస్తారు, ఈ నెల ఎంత సరుకు వచ్చింది అన్నవి పైన ఉండాలి. ముద్ర పడకపోతే ఐరిస్, ఓటీపీ, రిజిస్టరు అని స్పష్టంగా, ఏ ఊరి కార్డయినా ఏ రాష్ట్రం కార్డయినా ఇక్కడ చెల్లుతుందని ఇంకా స్పష్టంగా రాయాలి. దగ్గర్లో 5 రూపాయల భోజనం ఎక్కడ, ఎన్ని గంటలకు, అంగన్‌వాడీ ఎక్కడ, టీచర్‌ను ఎట్లా కలవాలి, ఇవి కింద ఉండాలి. 1967, 14445, జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఎవరు, ఆయన ఆఫీసు ఎక్కడ అన్నది చివర్లో. ఆ అధికారి ఒకరు ఉండాలని ఆహార భద్రతా చట్టంలోనే ఉంది, అదీ సరిపోకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు పోవచ్చని కూడా ఉంది, ఇవ్వాల్సిన బియ్యం ఇవ్వకపోతే బదులుగా డబ్బు భత్యం కట్టాలని 8వ సెక్షన్ చెబుతోంది. బస్తీలో ఎవర్నైనా అడగండి, ఈ మూడింటిలో ఒక్కటీ విని ఉండరు.

ఇది మా సొంత కోరిక అనుకోవద్దు. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన తిండి హక్కు కేసులో సుప్రీంకోర్టు నవంబరు 28న ఇచ్చిన ఆదేశాల్లోనే ఈ మాట ఉంది, ఆ ఉత్తర్వును ప్రాంతీయ భాషల్లోకి మార్చి పంచాయతీల్లో, ప్రభుత్వ బడుల్లో, రేషన్ షాపుల్లో అందరికీ కనబడేలా పెట్టాలని. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో ధాన్యం పొర్లిపోతుంటే ఊళ్లలో జనం పస్తులుంటున్నారని వేసిన కేసు అది. ఆ తర్వాత 2015లో వచ్చిన ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వు కూడా షాపులో నోటీసు బోర్డు మీద హక్కులు, నిల్వ, వేళలు, ఫిర్యాదు చేసే దారి రాయాలంటుంది. చాలా షాపుల్లో ఆ బోర్డు ఉంది కూడా, రేకు మీద వేసిన తెల్లరంగు పెచ్చులూడిపోయి, సుద్దముక్కతో ఎప్పుడో రాసిన నిల్వ లెక్క చెరిగిపోయి. షాపు లోపల ఉంటుంది, బియ్యం బస్తాల వెనక.

బోర్డుతో అన్నీ అయిపోతాయని మేం అనట్లేదు, చదివి కూడా అడగలేనివాళ్లు ఉంటారు. అందుకే బియ్యం ఇచ్చే మొదటి పదిహేను రోజుల్లో కనీసం రెండు సాయంత్రాలు, పనికి పోయినవాళ్లు ఇంటికి చేరే వేళకు, మీ మనిషి ఒకరు షాపు దగ్గర కూర్చోవాలి. పెండింగ్ దరఖాస్తు నంబరు చూపిస్తే ఎక్కడ ఆగిందో చెప్పగలిగే లాగిన్ ఆయన దగ్గర ఉండాలి. ఊరికే రాసుకుని పోయే మనిషి మాకు వద్దు. చట్టంలో షాపు స్థాయిలో విజిలెన్స్ కమిటీ కూడా ఉండాలని ఉంది, అందులో కార్డున్న ఆడవాళ్లను వేయండి, ఏ ఇంట్లో పొయ్యి వెలగట్లేదో వాళ్లకు తెలిసినంతగా ఏ డేటాబేస్‌కూ తెలియదు.

ఇంకొక్క మాట, బియ్యం ఒక్కటే ఇస్తే కడుపు నిండుతుంది గానీ మనిషికి బలం రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చిన రోజులు ఆడవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు, కందిపప్పు, నూనె, చింతపండు అన్నీ ఒకే సంచిలో. మళ్లీ పప్పు, నూనె ఇచ్చే ఆలోచన ఉంటే తొందరగా చేయండి, దాని గురించి వేరే ఉత్తరం రాస్తాం. ఇప్పుడు ఉన్నదైనా ఉన్నవాళ్లందరికీ చేరాలన్నది ఈ ఉత్తరం.

కొత్త పథకం అడగట్లేదు, కొత్త బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. మా బస్తీ షాపు గోడ కొలతలు తీసుకున్నాం, బోర్డులో ఏం రాయాలో తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టుకున్నాం, రంగు, కూలి మేమే పెట్టుకోగలం. మీరు ఆ రాతలో తప్పులుంటే దిద్ది, మీ సంతకంతో అనుమతి ఇస్తే చాలు, వచ్చే నెల ఒకటో తారీఖు బియ్యం లారీ వచ్చేలోపు వేయించేస్తాం. మిగతా షాపులకు మాత్రం మీరే వేయించాలి. జవాబు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
బస్తీలో ఫారాలు నింపే మీ పౌరులు